కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్డు మీద ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని యూటా రాష్ట్రపు దక్షిణ అంచున, కనాబ్, పేజ్ ఊళ్ళ మధ్య సాగే 89వ నంబరు జాతీయ రహదారి నుంచి చీలి, ఉత్తరాన క్యానన్‌విల్ అనే చిన్న ఊరిదాకా వెళ్ళే దారి ఇది. పొడవు సుమారు 46 మైళ్ళు. ఉత్తరపు కొసన, కోడక్రోమ్ బేసిన్ స్టేట్ పార్కు మలుపు వరకు ఉన్న కొద్ది మైళ్ళు తారు రోడ్డు. మిగిలినదంతా మట్టి, ఇసుక, కంకర. ఈ దారిలో నేను ఐదుసార్లు బయలుదేరి మూడుసార్లు మాత్రమే పూర్తిగా దాటగలిగాను. ఆ తరువాత బంధుమిత్రులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలనూ, వాటికి నేను చెప్పే జవాబులనూ ఇక్కడ ఒకచోట చేర్చాను.

దగ్గరలోని జాతీయ పార్కులు బ్రైస్, జయాన్ చూసినవాళ్ళు ఇది కూడా చూడవలసిన అవసరం ఉందా?

ఉంది. అక్కడ ప్రకృతిని కటకటాల వెనుక నిలబడి చూస్తాము. ఇక్కడ దాని నడుమ నుంచి బండి నడుపుకుంటూ పోతాము. దారిలో ఎక్కువ భాగం కాక్స్‌కోంబ్ అనే రాతి వరుసను ఆనుకొని సాగుతుంది. ఆ పేరుకు కోడిజుట్టు అని అర్థం, చూడగానే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని ఈస్ట్ కైబాబ్ మోనోక్లైన్ అంటారు. ఒకప్పుడు పరుపుల్లా అడ్డంగా పేర్చి ఉన్న రాతి పొరలు, కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపలి ఒత్తిడికి ఒక అంచున వంగి దాదాపు నిలువుగా లేచాయి. వాటిలో మెత్తని పొరలు కరిగిపోగా గట్టి పొరలు కోడిజుట్టు పళ్ళలా మిగిలాయి. రోడ్డు ఆ మెత్తని పొరలు కరిగిన సందులోంచే వెళ్తుంది కనుక, ఒకవైపు తెల్లని నవహో ఇసుకరాయి, మరొకవైపు ఎర్రవీ ఊదావీ బూడిదరంగువీ అయిన గుట్టలు, ఒకే మలుపులో కనబడతాయి. ఆ తెల్లరాయి సుమారు 19 కోట్ల సంవత్సరాల నాటి ఎడారి ఇసుకదిబ్బలు గట్టిపడగా ఏర్పడినది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆనాటి గాలి పేర్చిన వాలు చారలు నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఈ ప్రాంతం ఎవరి ఆధీనంలో ఉంది? ప్రవేశ రుసుము ఉందా?

ఇది గ్రాండ్ స్టేర్‌కేస్-ఎస్కలాంటే జాతీయ స్మారక ప్రాంతంలో భాగం. 1996 సెప్టెంబర్ 18న అధ్యక్షుడు క్లింటన్ దీనిని ప్రకటించారు. 2017లో దాని విస్తీర్ణాన్ని తగ్గించారు, 2021లో తిరిగి పాత హద్దులకు తెచ్చారు. నిర్వహణ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థది. రోడ్డు మీద వెళ్ళడానికి రుసుము లేదు. కోడక్రోమ్ బేసిన్ మాత్రం రాష్ట్రానికి చెందిన పార్కు కాబట్టి అక్కడ విడిగా చెల్లించాలి. జాతీయ పార్కుల వార్షిక పాసు అక్కడ చెల్లదు.

మామూలు కారు వెళ్తుందా? ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరా?

అందరూ మొదట అడిగేది ఇదే. నా ఉద్దేశంలో దీనికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: గత మూడు నాలుగు రోజుల్లో అక్కడ వాన పడిందా? నేల పూర్తిగా ఎండి, గ్రేడర్ యంత్రంతో రోడ్డును ఈమధ్యనే చదును చేసి ఉంటే, నేల నుంచి కాస్త ఎత్తుగా ఉండే టూ వీల్ డ్రైవ్ బండి కూడా నెమ్మదిగా దాటిపోతుంది. నేల తడిసి ఉంటే ఎంత ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయినా దాటదు. ఈ రెంటికీ మధ్య, అంటే వానలకు కోసుకుపోయి, ఎండిన వాగులు దాటేచోట్ల ఇసుక మేటలు వేసి, పాత చక్రాల జాడలు కాలువల్లా గట్టిపడి ఉన్న రోజుల్లో, ఎత్తైన బండీ ఫోర్ వీల్ డ్రైవూ నిజంగా అక్కరకు వస్తాయి. కిందికి ఆనుకొని ఉండే సెడాన్లను నేను ఎవరికీ సిఫారసు చేయను. మోటార్ హోమ్‌లూ, ట్రెయిలర్ తగిలించిన బండ్లూ అసలు తీసుకురాకూడదు. ఇరుకు మలుపుల్లో వాటిని వెనక్కి తిప్పుకోవడానికి చోటు దొరకదు.

రోడ్డు ప్రస్తుత స్థితి తెలుసుకోవడానికి కనాబ్, బిగ్ వాటర్, క్యానన్‌విల్, ఎస్కలాంటే ఊళ్ళలో ఉన్న సందర్శక కేంద్రాలే సరైన చోటు. వాటిలో కొన్ని చలికాలంలో మూసి ఉంటాయి కనుక ముందుగా ఫోన్ చేయండి. కౌంటర్ దగ్గరి ఉద్యోగి "ఈరోజు వద్దు" అంటే వాదించకండి.

కాస్త వానకే రోడ్డు మూతపడుతుందంటారు, నిజమేనా?

నిజమే, కారణం అక్కడి మన్ను. ఈ దారిలో చాలాచోట్ల నేల బెంటొనైట్ కలిసిన బంకమన్ను. ప్రాచీన కాలంలో అగ్నిపర్వతాల బూడిద సముద్రపు అడుగున పొరలుగా చేరి, క్రమంగా ఈ మన్నుగా మారింది. మన నల్లరేగడి ఎరిగినవాళ్ళకు ఎక్కువ చెప్పనక్కరలేదు. రేగడిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజమే బెంటొనైట్‌లోనూ ప్రధానం. నీరు తగలగానే ఆ ఖనిజపు సన్నని పొరల మధ్యకు తేమ చేరి మన్ను ఉబ్బుతుంది, పైన సబ్బు రాసినట్టు జారుడు ఏర్పడుతుంది. ఎండినప్పుడు అదే నేల పగుళ్ళు తీసి, పైభాగం పేలాలు పరచినట్టు గుల్లగా కనిపిస్తుంది. రేగడి చేలో వాన వెలిసిన గంటకు ఎడ్లబండి ఎలా దిగబడేదో గుర్తు చేసుకుంటే చాలు, ఇక్కడ రెండు టన్నుల బండి సంగతి ఊహించుకోవచ్చు.

నాకు ఇది అనుభవంలో తెలిసింది. ఒక మే నెల సాయంత్రం దక్షిణపు కొస నుంచి బయలుదేరి పదిహేను మైళ్ళు దాటాము. వాన పావుగంట కూడా పడలేదు. చిన్న ఎత్తు ఎక్కుతుండగా, స్టీరింగ్ నిటారుగానే ఉన్నా, బండి వెనుక భాగం తనంతట తాను పక్కకు జారింది. దిగి చూస్తే నాలుగు అడుగులు వేసేలోపు నా బూట్ల కింద రెండంగుళాల మందాన బూడిదరంగు మన్ను అట్టకట్టింది. టైరు గాడులు పూర్తిగా పూడిపోయి చక్రం నున్నటి రోకలిలా ఉంది. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య వేలు దూరే సందు లేదు. వంటసామానులో ఉన్న అట్లకాడతో నా భార్య ఆ మన్నును గీకి తీస్తే, ఒక్కొక్క పెళ్ళ ఇటుకంత బరువుగా ఊడివచ్చింది. తీసినంతసేపు పట్టలేదు, పది గజాలు కదలగానే మళ్ళీ అంతే. రాత్రంతా అక్కడే ఉండి, మరునాడు ఎండ పైకెక్కి నేల మీద పొర గట్టిపడ్డాక పదకొండు గంటలకు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాము.

తడి నేల మీద మొండిగా నడిపితే మరొక నష్టం కూడా ఉంది. అప్పుడు పడిన లోతైన గాడులు ఎండి రాళ్ళలా గట్టిపడతాయి. మళ్ళీ గ్రేడర్ వచ్చేదాకా, తరువాత వచ్చే ప్రతి బండీ వాటితో అవస్థ పడవలసిందే.

ఆకాశం నిర్మలంగా ఉంటే వరద భయం లేనట్టేనా?

కాదు. ఎడారి లోయల్లో మనుషుల ప్రాణాలు తీసేది ఈ అపోహే. ఇక్కడి నేల ఎక్కువగా రాయి, గట్టి బంకమన్ను. పడిన నీరు ఇంకదు, వెంటనే వాగుల్లోకి పారుతుంది. ఎక్కడో మైళ్ళ దూరంలో ఉరుములతో పడిన వాన, మీ తల మీద ఎండ కాస్తుండగానే, బురద, దుంగలు, రాళ్ళు కలిసిన ఎర్రటి గోడలా రావచ్చు. 1997 ఆగస్టు 12న ఇక్కడికి దగ్గరలోనే, పేజ్ పక్కన ఉన్న లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో పదకొండు మంది పర్యాటకులు అలాగే కొట్టుకుపోయారు. ఆ వాన పడింది ఎగువన, దూరంగా. 2015 సెప్టెంబర్ 14న జయాన్‌లోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు మరణించారు.

రోడ్డు చాలాచోట్ల ఎండు వాగులను దాటుతుంది, దక్షిణ భాగంలో కొంతదూరం పరీయా నదికి దగ్గరగా నడుస్తుంది. నీరు పారుతున్న వాగులోకి బండి దింపకండి. అడుగు లోతు ప్రవాహానికే చిన్న కార్లు తేలిపోతాయి, రెండడుగుల ప్రవాహం పెద్ద ఎస్‌యూవీలను సైతం ఈడ్చుకుపోతుంది. ఈ వరదలు చాలావరకు కొద్ది గంటల్లో తీసిపోతాయి; ఎత్తైన చోట ఆగి ఉంటే చాలు. దక్షిణ యూటా పార్కుల కోసం అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ ఆకస్మిక వరదల అవకాశాన్ని నాలుగు స్థాయిల్లో ప్రకటిస్తుంది. మొదటిది, అంటే వరద వచ్చే సూచన లేదన్నది, కాక మిగిలిన మూడింటిలో ఏది ఉన్నా నేను ఇరుకు లోయల్లోకి దిగను.

ఏ నెలల్లో వెళ్ళాలి?

ఏప్రిల్, మే, సెప్టెంబర్ చివరి వారాల నుంచి అక్టోబర్ వరకు. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య వరకు అక్కడి వర్షరుతువు. మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. ఆ రోజుల్లో తప్పనిసరి అయితే తెల్లవారుజామునే బయలుదేరి మధ్యాహ్నానికి బయటపడాలి. జూన్ పొడిగా ఉన్నా ఎండ తీవ్రం. చలికాలంలో మంచు కరిగినప్పుడు కూడా ఇదే బంకమన్ను ఇదే ఇబ్బంది పెడుతుంది, పైగా నీడలో ఉన్న మలుపులు ఎండడానికి రోజులు పడుతుంది.

పేజ్ నుంచి బ్రైస్‌కు ఫోన్ మ్యాపు ఈ దారినే దగ్గరదారిగా చూపిస్తోంది. వెళ్ళవచ్చా?

దూరం తగ్గే మాట నిజమే. కనాబ్ మీదుగా తారు రోడ్డున వెళ్తే సుమారు 150 మైళ్ళు, ఇటు వెళ్తే సుమారు 90. కాని సమయం పెద్దగా కలిసిరాదు, మ్యాపుకు నిన్నటి వాన సంగతి తెలియదు. దగ్గరదారి అని ఈ రోడ్డెక్కినవాళ్ళకు చీకటి పడేలోపు బ్రైస్ చేరాలన్న తొందర ఉంటుంది. ఆ తొందరలో వెనక్కి తిరగవలసిన చోట తిరగరు. దీనిని ఒక రోజంతా కేటాయించి చూడవలసిన దారిగా భావించండి, లేదా కనాబ్ మీదుగా వెళ్ళండి.

అద్దె కారుతో వెళ్తే?

ఒప్పంద పత్రం చదవండి. చాలా అద్దె సంస్థలు మట్టి రోడ్ల మీద నడపడాన్ని నిషేధిస్తాయి. ఎస్‌యూవీ ఇచ్చినంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు. నిషేధం ఉన్నచోట జరిగిన నష్టానికి బీమా కూడా వర్తించకపోవచ్చు. మేము ఇరుక్కున్నది అద్దె బండితోనే. టోయింగ్ అవసరం పడలేదు గాని, బండి అడుగున గట్టిపడిన మన్ను తీయించడానికి మాకు వేసిన రుసుము చూశాక ఆ ఒప్పందాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. ఇలాంటి మారుమూల నుంచి బండిని లాగించడానికి వెయ్యి డాలర్లకు పైగా కావడం మామూలే. మట్టి రోడ్ల కోసమే జీపులు అద్దెకిచ్చే స్థానిక వ్యాపారులు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు, అదే మేలు.

ఎంత సమయం పడుతుంది? ఎంత వేగంతో నడపాలి?

ఎక్కడా ఆగకపోతే రెండు నుంచి మూడు గంటలు; చూసుకుంటూ వెళ్తే పగలంతా. గంటకు 20 నుంచి 25 మైళ్ళు నాకు సరిపోయిన వేగం. రోడ్డు పొడవునా చాలాచోట్ల రేకుల కప్పు మీద ఉండే ముడతల్లాంటి గతుకులు వస్తాయి. వదులు మట్టి మీద చక్రాలు ఎగిరెగిరి పడటం వల్లనే అవి ఏర్పడతాయి. వేగం పెంచితే కుదుపు తగ్గినట్టు అనిపించే మాట వాస్తవం. ఎందుకంటే అప్పుడు చక్రాలు ముడతల నెత్తుల మీదుగా మాత్రమే పోతుంటాయి. చక్రం నేలను సరిగా తాకనప్పుడు బ్రేకూ స్టీరింగూ కూడా సరిగా పనిచేయవు. మలుపులో ఎదురుగా మరొక బండి వస్తే ఆపలేరు.

టైర్లలో గాలి కొద్దిగా తగ్గించడం మంచి ఉపాయం. 35 పీఎస్‌ఐ ఉన్న టైరును 27 దాకా దించితే కుదుపు తగ్గుతుంది, ఇసుకలో పట్టు పెరుగుతుంది, పదునైన రాళ్ళకు టైరు కోసుకునే అవకాశం తగ్గుతుంది. అయితే తారు రోడ్డెక్కగానే మళ్ళీ నింపాలి కనుక బండి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్ వెంట లేకుండా గాలి తీయకండి.

స్టెప్నీ గురించి అంత పట్టింపు ఎందుకు?

కొత్త కార్లలో చాలావాటికి స్టెప్నీయే ఉండదు. రంధ్రం పూడ్చే జిగురు సీసా ఒకటి ఇస్తారు. మేకు గుచ్చుకున్న రంధ్రానికి అది పనికివస్తుంది, టైరు పక్కగోడ చీలితే పనికిరాదు. ఇక్కడి రాళ్ళు చీల్చేది పక్కగోడనే. పూర్తి పరిమాణంలో స్టెప్నీ ఉందో లేదో, అందులో గాలి ఉందో లేదో, జాకీ కింద పెట్టడానికి చెక్క పలక ఉందో లేదో బయలుదేరే ముందే చూసుకోండి. చెక్క పలక లేకపోతే ఇసుకలో జాకీ బండిని ఎత్తదు, తానే దిగిపోతుంది.

ఫోన్ పనిచేస్తుందా? ఇంకా ఏమేమి వెంట ఉండాలి?

దారిలో దాదాపు అంతటా సిగ్నల్ ఉండదు. మ్యాపులు ముందే దించుకోండి, సందర్శక కేంద్రంలో దొరికే కాగితం మ్యాపు కూడా తీసుకోండి. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం ఒకటి ఉంటే మనసు కుదుటపడుతుంది. ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఫోన్లలో అత్యవసర సందేశానికి ఆ సౌకర్యం ఉంది, కాని ఆకాశం విశాలంగా కనబడాలి, ఇరుకు లోయల అడుగున అది కుదరదు. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్ని గంటలకు బయటపడతారో, ఆ వేళకు కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి.

నీళ్ళు మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున, ఒక రోజుకు సరిపడా అదనంగా. దారిలో తాగునీరు ఎక్కడా దొరకదు, పెట్రోలు బంకు లేదు. కనాబ్‌లోనో, పేజ్‌లోనో, క్యానన్‌విల్ దగ్గరి ట్రోపిక్ ఊళ్ళోనో ట్యాంకు నిండా పోయించుకోండి. పార, తాడు, టార్చిలైటు, రాత్రికి దుప్పట్లు, వండకుండా తినగలిగే ఆహారం. మే నెలలో కూడా ఆ రాత్రి మేము వణికాము.

తప్పక ఆగవలసిన చోట్లు ఏవి?

గ్రోవ్‌నర్ ఆర్చ్ మొదటిది. ప్రధాన దారి నుంచి సుమారు ఒక మైలు పక్కకు ఉన్న ఈ జంట తోరణం సుమారు 150 అడుగుల ఎత్తున, పసుపు కలిసిన తెల్లరాతిలో నిలిచి ఉంది. 1940ల చివరలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తరఫున వచ్చిన బృందం, ఆ సంస్థకు అప్పటి అధ్యక్షుడైన గిల్బర్ట్ గ్రోవ్‌నర్ పేరు దీనికి పెట్టింది. కోడక్రోమ్ బేసిన్‌కు ఆ పేరు పెట్టినదీ వాళ్ళే, తమ కెమెరాల్లోని కోడక్ కంపెనీ రంగుల ఫిల్ము పేరు మీద. అది స్టేట్ పార్కు అయినప్పుడు, కంపెనీ అభ్యంతరం చెబుతుందేమోనని కొంతకాలం చిమ్నీ రాక్ అని పిలిచి, కంపెనీ ఒప్పుకున్నాక పాత పేరే తెచ్చారు. అక్కడ 67 రాతి స్తంభాలు ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కాటన్‌వుడ్ నారోస్. రోడ్డు పక్కనుంచి దిగి ఎండు వాగు అడుగున సాగే మైలున్నర నడకలో, రెండువైపులా ఇసుకరాతి గోడలు దగ్గరపడి పైన ఆకాశం ఒక పంచె అంచులా మిగులుతుంది. చేయి ఆనించి చూడండి. మండుటెండలో కూడా నీడవైపు రాయి కుండలా చల్లగా ఉంటుంది. వాన సూచన ఉన్న రోజు మాత్రం దిగకూడదు.

పెద్దవాళ్ళనూ, పసిపిల్లలనూ తీసుకువెళ్ళవచ్చా?

నడుమునొప్పి, మెడనొప్పి ఉన్న పెద్దలకు పూర్తి దారి మంచిది కాదు. ఆ కుదుపు రెండు గంటలపాటు ఆగదు. వాళ్ళతో వెళ్ళినప్పుడు ఉత్తరాన క్యానన్‌విల్ నుంచి కోడక్రోమ్ చూసి, నేల పొడిగా ఉంటే గ్రోవ్‌నర్ ఆర్చ్ వరకు మాత్రమే వెళ్ళి తిరిగి రండి. మట్టి రోడ్డు మీద ఒకవైపు సుమారు పది మైళ్ళు. ఆర్చ్ దగ్గర మరుగుదొడ్డి ఉంది, చక్రాల కుర్చీ వెళ్ళగల కాలిబాట ఉంది. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు మేము అలాగే చేశాము. తోరణం కింద కూర్చొని మా నాన్నగారు గంటసేపు కదలలేదు.

రాత్రి బస చేయవచ్చా? రోడ్డు దిగి బండి నడపవచ్చా?

స్మారక ప్రాంతంలో రాత్రి ఉండటానికి అనుమతి పత్రం కావాలి, అది ఉచితం. సందర్శక కేంద్రాల్లో ఇస్తారు. ఇంతకుముందు వాడిన చోట్లలోనే గుడారం వేయండి, వాగు అడుగున ఎప్పుడూ వేయకండి. రోడ్డు దిగి నడపడం నిషిద్ధం. నేల మీద నల్లగా, గరుకుగా, చిన్నచిన్న బుడిపెలతో కనిపించే పెచ్చు మామూలు మట్టి కాదు. సూక్ష్మజీవులు, లైకెన్లు, నాచు కలిసి అల్లిన సజీవమైన పొర. ఇసుకను ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు వేస్తే చితికిపోతుంది, తిరిగి ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది.

గడియారం విషయంలో గందరగోళం ఉంటుందని విన్నాము?

పేజ్ అరిజోనాలో ఉంది. ఆ రాష్ట్రంలో ఎక్కువ భాగం వేసవిలో గడియారాన్ని ముందుకు జరపదు, యూటా జరుపుతుంది. కాబట్టి మార్చి నుంచి నవంబర్ వరకు యూటా ఒక గంట ముందుంటుంది. సరిహద్దు దగ్గర ఫోన్ అటూ ఇటూ మారుతుంటుంది. సందర్శక కేంద్రం మూసే వేళనూ, చీకటి పడే వేళనూ యూటా సమయంలోనే లెక్కించుకోండి.

మధ్యలో ఇరుక్కుపోతే ఏమి చేయాలి?

ముందుగా యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయండి. చక్రం తిరిగే కొద్దీ గుంట లోతవుతుంది. ఇసుకలో అయితే టైర్ల గాలి ఇంకా తగ్గించి, చక్రాల ముందు పారతో వాలుగా తవ్వి, కాలి కింది మ్యాట్లు పరచి నెమ్మదిగా కదిలించవచ్చు. బంకమన్నులో అయితే చేయగలిగినది చాలా తక్కువ: ఎండే వరకు ఆగాలి. బండి వాగు అడుగున లేకపోతే దానిని వదిలి వెళ్ళకండి. వెతికేవాళ్ళకు మనిషి కంటే బండి తొందరగా కనబడుతుంది, ఎండకూ చలికీ అదే నీడ. వాగులో ఉంటే మాత్రం మనుషులు ముందు గట్టెక్కాలి, బండి సంగతి తరువాత. మేము ఆగిన ఆ రాత్రి మరో బండి ఒక్కటీ రాలేదు. మరునాడు వెనక్కి వస్తుండగా ఏడు మైళ్ళ దూరంలో ఇద్దరు ముసలి దంపతులు బండి ఆపుకొని, ముందుకు వెళ్ళాలా వద్దా అని నిలబడి ఉన్నారు. మా చక్రాలకు ఇంకా అంటుకొని ఉన్న మన్ను చూసి వాళ్ళూ బండి తిప్పుకున్నారు.